కల్పిత సౌరకుటుంబంలో గ్రహాలను ఎలా అమర్చాలి? అక్కడివాళ్లు వాటిని ఎప్పుడు కనిపెట్టాలి?

తెలుగులో గ్రహాల పేర్లు వరసగా చదివి చూడండి: బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. మొదటి ఐదూ మనవాళ్లు, చివరి రెండూ పరాయివాళ్లు. కంటికి ఆనినవాటికి ఎప్పుడో పేర్లు పడ్డాయి. దుర్భిణి వచ్చాక దొరికినవి ఐరోపాలో దొరికాయి, అక్కడి పేర్లతోనే మన దాకా వచ్చాయి. ఏ గ్రహం ఎప్పుడు దొరికిందో పేరే చెప్పేస్తోంది.

కథకో, నవలకో, ఆటకో సౌరకుటుంబాన్ని కల్పించేవాళ్లు చాలామంది ముందు గ్రహాల జాబితా రాసుకుని, వాటిని కనిపెట్టిన వైనాన్ని చివర్లో అతికిస్తారు. ఆ అతుకు కనబడిపోతుంది. ముందు లెక్క వేసుకుంటే ఏ గ్రహం ఎవరికి ఎప్పుడు దొరకాలో ఆ లెక్కే చెబుతుంది. వర్గమూలం తీసే క్యాలిక్యులేటరు లేదా ఎక్సెల్ షీటు, ఒక పూట తీరిక ఉంటే చాలు.

1. నక్షత్రం బరువు తేల్చుకోండి

సూర్యుడి ద్రవ్యరాశిని 1 అనుకోండి. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరం, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, 1 యూనిట్. సూర్యుడిలాంటి నక్షత్రాల వెలుగు ద్రవ్యరాశికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. కాబట్టి భూమికి అందేంత వెలుగే అందాలంటే గ్రహం ఎంత దూరంలో ఉండాలో తేలిగ్గా తేలుతుంది: నక్షత్ర ద్రవ్యరాశి వర్గమే ఆ దూరం.

ఈ వ్యాసానికి 0.8 ద్రవ్యరాశి గల నక్షత్రాన్ని తీసుకుందాం. దాని వెలుగు సూర్యుడి వెలుగులో 0.41 వంతు. ఇంటి గ్రహం, అంటే అక్కడివాళ్లు ఉండేది, 0.64 యూనిట్ల దూరంలో ఉంటుంది. కాస్త అటూ ఇటూ జరపాలంటే 0.61 నుంచి 0.88 దాకా నీళ్లు నిలిచే చోటే.

నక్షత్ర ద్రవ్యరాశి 1.3 దాటితే చిక్కు. నక్షత్రం ఆయుష్షు 450 కోట్ల ఏళ్లకు పడిపోతుంది. భూమి మీద దుర్భిణి పట్టే జీవి పుట్టడానికి పట్టిన కాలం దాదాపు అంతే. 0.5 కంటే తగ్గితే గ్రహం నక్షత్రానికి మరీ దగ్గరై, ఎప్పుడూ ఒకే ముఖం చూపుతూ తిరిగే అవకాశం ఎక్కువ. అప్పుడు పగటి వైపు పుట్టినవాళ్లకు ఖగోళశాస్త్రమే ఉండదు. అది కావాలనే పెట్టుకుంటే మంచి కథే, తెలియక పెడితేనే తప్పు.

2. కక్ష్యలు, ఏడాదుల లెక్క

దూరాన్ని మూడుసార్లు గుణించి, నక్షత్ర ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం తీస్తే మన ఏళ్లలో ఆ గ్రహపు ఏడాది వస్తుంది. ఇది కెప్లర్ మూడో సూత్రం. ఇంటి గ్రహానికి 0.57 ఏళ్లు, అంటే 209 రోజులు. మిగతావి ఇలా పెడదాం:

- 0.25 యూనిట్లు: చిన్న రాతి గ్రహం, 51 రోజులు
- 1.1 యూనిట్లు: రాతి గ్రహం, 471 రోజులు
- 3.2 యూనిట్లు: గురుడంత గ్రహం, 6.4 ఏళ్లు
- 7 యూనిట్లు: శని అంతది, 20.7 ఏళ్లు
- 16 యూనిట్లు: యురేనస్ అంతది, 71.6 ఏళ్లు
- 26 యూనిట్లు: నెప్ట్యూన్ అంతది, 148 ఏళ్లు

మన సౌరకుటుంబంలో ఒక గ్రహం దూరం దాని లోపలి గ్రహం దూరానికి 1.4 నుంచి 3.4 రెట్లు ఉంటుంది. పెద్ద గ్రహాలను అంతకంటే దగ్గరగా ఇరికిస్తే కక్ష్యలు చెదిరిపోతాయి. వాయు గ్రహాలను మంచు గడ్డకట్టే హద్దు బయట పెట్టండి. అది సూర్యుడికి 2.7 యూనిట్ల దగ్గర ఉంటుంది, మన కల్పిత నక్షత్రానికి 1.7 దగ్గర.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: మన ఏళ్లూ వాళ్ల ఏళ్లూ కలిపేస్తారు. షీటులో రెండూ వేరు వేరు గడుల్లో రాయండి. 16 యూనిట్ల గ్రహానికి 71.6 మన ఏళ్లు, కానీ వాళ్లకు అది 125 ఏళ్లు.

3. ఏది ఎంత వెలుగుతుంది?

అసలు కథ ఈ గడిలోనే ఉంది. గ్రహం వెలుగు నాలుగింటి మీద ఆధారపడుతుంది: నక్షత్రం వెలుగు, గ్రహం సైజు, నక్షత్రం నుంచి దాని దూరం, చూసేవాళ్ల నుంచి దాని దూరం. ఈ రెండు దూరాలను గుణించి వర్గం చేస్తే, వెలుగు అన్ని వంతులు తగ్గుతుంది. అందుకే బయటి గ్రహాన్ని రెండింతల దూరానికి జరిపితే దాదాపు 16 రెట్లు మసకబారుతుంది.

కొత్తగా లెక్కించనక్కర్లేదు, మన గ్రహాలతో పోల్చండి. యురేనస్ సూర్యుడికి 19.2, మనకు దగ్గరగా వచ్చినప్పుడు 18.2 యూనిట్ల దూరంలో ఉంటుంది. మన కల్పిత గ్రహానికి ఆ అంకెలు 16, 15.4. దూరం తగ్గినందుకు వెలుగు రెట్టింపవుతుంది, నక్షత్రం మసక కాబట్టి 0.41 వంతుకు పడుతుంది. చివరికి యురేనస్ వెలుగులో 0.83 వంతు. యురేనస్ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) 5.7 అయితే దీనిది 5.9. మనిషి కంటికి హద్దు 6. అంటే అమావాస్య రాత్రి చూపున్నవాడికి కనబడుతుంది, కానీ వేల చుక్కల్లో ఒక చుక్కగా. 26 యూనిట్లది 8.2 దగ్గర తేలుతుంది. దుర్భిణి లేనిదే లేదు. 3.2 యూనిట్లది మాత్రం మన గురుడికి దాదాపు మూడు రెట్లు వెలుగుతుంది.

4. కంటితో దొరికేవి

లోపలి గ్రహం నక్షత్రాన్ని వదిలి దూరం పోలేదు. 0.25ను 0.64తో భాగించి విలోమ సైన్ తీస్తే 23 డిగ్రీలు. బుధుడికి ఈ హద్దు 28, శుక్రుడికి 47. కాబట్టి ఇది తెల్లవారుజామునో, సందె వేళో కాసేపు కనబడి మాయమవుతుంది. సుమారు 68 రోజులకోసారి ఈ వరస తిరిగి వస్తుంది. పంచాంగం చూసేవాళ్లకు మౌఢ్యం తెలుసు కదా, గ్రహం సూర్యకాంతిలో మునిగి కనబడని రోజులు. ఈ గ్రహానికి ఏడాదికి ఎన్నో మూఢాలు. ఉదయం చుక్క, సాయంత్రం చుక్క వేరు వేరని అక్కడివాళ్లు చాలాకాలం నమ్మినా ఆశ్చర్యం లేదు.

బయటి గ్రహాలు వక్రిస్తాయి. 1.1 యూనిట్ల గ్రహం 376 రోజులకోసారి వెనక్కి నడిచినట్టు కనబడుతుంది. చుక్కల మధ్య అది తిరుగాడుతోందని పట్టిచ్చేది ఈ వక్రమే.

ఇక వారం. మన ఏడు వారాలు సూర్యుడు, చంద్రుడు, కంటికి ఆనే ఐదు గ్రహాల పేర్లవి. ఇంటి గ్రహానికి ఒక చందమామను ఇస్తే, నక్షత్రంతోనూ కంటికి ఇట్టే ఆనే నాలుగు గ్రహాలతోనూ కలిపి అక్కడి వారం ఆరు రోజులు. ఈ ఒక్క వివరం పేజీ వర్ణన కంటే ఎక్కువ పనిచేస్తుంది.

మరో మాట. నవగ్రహాల్లో సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు, ఒంటి రూపం లేని రాహుకేతువులూ ఉన్నారు. భూమి లేదు. కాళ్ల కింద ఉన్నది గ్రహమని తెలియడానికి కోపర్నికస్ పుస్తకం 1543లో రావాలి, 1610లో గెలీలియో శుక్రుడి కళలు చూడాలి. మీ జాబితాలో ఇంటి గ్రహాన్ని మొదటి వరసలో రాయకండి.

5. దుర్భిణి తర్వాత

16 యూనిట్ల గ్రహానికి నమూనా యురేనస్. 1781 మార్చి 13న ఇంగ్లండులోని బాత్‌లో విలియం హెర్షెల్ తన ఇంటి వెనక తోటలో చుక్కల సర్వే చేస్తూ దాన్ని చూశాడు. చుక్కలా కాక చిన్న బిళ్లలా కనిపించింది. తోకచుక్క అనుకున్నాడు. కక్ష్య దాదాపు గుండ్రంగా తేలాకే అది గ్రహమని ఒప్పుకున్నారు. అందువల్ల మీ కథలోనూ ‘కొత్త గ్రహం!’ అని ఎవరినీ మొదటి రాత్రే అరవనివ్వకండి. నెలల తరబడి కొలతలు, తప్పు పేరు, ఆ తర్వాతే గుర్తింపు.

1.1కీ 3.2కీ మధ్య ఖాళీ పెద్దది. అక్కడ గ్రహశకలాలు పెట్టవచ్చు. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో పియాజీ అలాంటి మొదటిదాన్ని, సెరెస్‌ను చూశాడు. కొన్ని వారాలకే అది సూర్యుడి వెలుగులో కలిసిపోయింది. జర్మన్ గణితవేత్త గాస్ లెక్కతో ఆ ఏడాది చివర్లో మళ్లీ దొరికింది. ముందు గ్రహమన్నారు, అలాంటివి వరసగా దొరకడంతో జాబితా నుంచి తీసేశారు. 1861లో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ కనిపెట్టిన ‘ఏషియా’ ఆ వరసలో 67వది.

చివరి గ్రహం లెక్కతో దొరకాలి, దానికి ముహూర్తం ఉంది. యురేనస్ 1820ల మొదట్లో నెప్ట్యూన్‌ను లోపలి వైపు నుంచి దాటింది. దాటేముందు కాస్త వేగం పుంజుకుంది, దాటాక నెమ్మదించింది. ఆ తేడా నుంచే ఫ్రెంచి గణితవేత్త లెవెరియే నెప్ట్యూన్ ఉన్న చోటు లెక్కకట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళవేత్తలు గాలె, డారె కలిసి చూస్తే లెక్కకు ఒక డిగ్రీ లోపే దొరికింది. లెవెరియే వేసిన దూరం మాత్రం 36 యూనిట్లు, అసలుది 30. దాటిన కొత్తలో దిక్కు బాగా తెలుస్తుంది, దూరం తప్పినా ఫరవాలేదు. మన కల్పిత గ్రహాలు రెండూ ఇలా కలిసేది 138 ఏళ్లకోసారి, వాళ్ల లెక్కలో సుమారు 242. మీ గణితవేత్త చేత ఆ కలయిక తర్వాత పాతిక, ముప్పై ఏళ్లలో లెక్క వేయించండి. మరీ ముందు వేస్తే పట్టుకోవడానికి తేడా ఉండదు.

గాలెకు కలిసొచ్చింది కొత్తగా అచ్చయిన చుక్కల పటం. అదే ఏడాది ఆగస్టులో కేంబ్రిడ్జిలో చాలిస్ రెండుసార్లు ఆ గ్రహాన్ని నమోదు చేసి కూడా పోల్చుకోలేకపోయాడు. మంచి పటం చేతిలో లేదు. కథలో ఓడిపోయే పాత్ర కావాలంటే పటం లాగేసుకోండి, చాలు.

దొరకని గ్రహం కూడా ఒకటి పెట్టండి. బుధుడి కక్ష్య శతాబ్దానికి 38 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) అదనంగా తిరుగుతోందని 1859లో లెవెరియే లోపల మరో గ్రహాన్ని ఊహించాడు, దానికి వల్కన్ అని పేరు కూడా పడింది. చూశామన్నవాళ్లూ బయల్దేరారు. 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఆ తేడాకు కారణం చెప్పింది. గ్రహం లేదు.

6. షీటులో చివరి రెండు గడులు

ప్రతి గ్రహానికీ ‘మొదట కంటబడిన ఏడాది’, ‘గ్రహమని తెలిసిన ఏడాది’ వేరుగా రాయండి. యురేనస్‌ను 1690లోనే ఇంగ్లండు ఖగోళవేత్త ఫ్లామ్‌స్టీడ్ వృషభరాశిలో 34వ నక్షత్రంగా రాసుకున్నాడు, తేడా 91 ఏళ్లు. నెప్ట్యూన్‌ను 1612 డిసెంబరులో గురుడి పక్కన గెలీలియో చూశాడు, తేడా 234 ఏళ్లు. మీ 16 యూనిట్ల గ్రహం 5.9 మాగ్నిట్యూడ్‌తో పాత చుక్కల జాబితాల్లో ఎక్కడో తప్పక నమోదై ఉంటుంది. ఆ జాబితా ఎవరిదో, అందులో దాని నంబరు ఎంతో ముందే రాసి పెట్టుకోండి. కక్ష్య లెక్కించే పాత్రకు ఆ పాత నమోదే కావాలి.