పాత ఇంటికి ధర ఎక్కడ తగ్గుతోంది: లోపం, కారణం, మరమ్మతు

ఇరవై, పాతికేళ్ల కిందట 200 గజాల స్థలంలో కట్టుకున్న డాబా ఇంటిని అమ్మాలనుకున్న యజమాని సాధారణంగా ముందు రంగుల దుకాణానికి వెళ్తారు. ఆ తరువాత హాలులో ఫాల్స్ సీలింగ్, వంటగదిలో కొత్త అరలు చేయిస్తారు. కొనడానికి వచ్చినవారు మాత్రం సీలింగును ఒకసారి చూసి, నేరుగా బాత్‌రూమ్ వెనక గోడ దగ్గరకు వెళ్లి అరచెయ్యి ఆనించి చూస్తారు. బేరం తగ్గేది అక్కడే. అందుకే ఇక్కడ లోపాలను కొనేవారు పట్టుకునే వరుసలోనే చెబుతున్నాను. కారణం తేలకముందే డబ్బు ఖర్చు పెట్టకూడదు, ఎందుకంటే గోడ మీది ఒకే మరకకు మూడు కారణాలు ఉండవచ్చు, మూడింటికీ మరమ్మతు వేరు.

గోడకు చెమ్మ, పొరలుగా ఊడే రంగు

మొదట మరక ఎంత ఎత్తున ఉందో చూడాలి. నేల నుంచి మూడు, నాలుగు అడుగుల వరకే ఉండి, పైఅంచున తెల్లని ఉప్పు పొర కనబడితే, పునాది నుంచి నీరు ఇటుకల గుండా పైకి పాకుతోందని అర్థం. కట్టిన రోజు ప్లింత్ (నేలకు పైన ఉండే పునాది భాగం) మీద వేసిన తేమ నిరోధక పొర ఉన్నా, తరువాతి కాలంలో ఇంటి చుట్టూ మట్టి పోసి, గచ్చు చేసి ఆ పొరకంటే ఎత్తు పెంచిన ఇళ్లలో ఈ లోపం ఎక్కువ. బయటి నేలను మళ్లీ దించి, గోడ నుంచి దూరంగా వాలు వచ్చేలా గచ్చు చేయించడం మొదటి పని. అప్పటికీ తగ్గకపోతే గోడ అడుగున వరుసగా రంధ్రాలు వేసి నీటిని అడ్డుకొనే రసాయనాన్ని ఎక్కిస్తారు. ఉప్పు పట్టిన పాత ప్లాస్టరింగును మరక పైన మరో అడుగు దాకా చెక్కించి తీసేయాలి. ఆ ఉప్పును అలాగే ఉంచి లప్పం (రంగుకు ముందు పూసే నునుపు పూత) పెడితే, రాబోయే వానాకాలానికి రంగు మళ్లీ ఊడుతుంది.

మరక పైకప్పు అంచున ఉంటే డాబాను అనుమానించాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూల, నీరు దిగే గొట్టం చుట్టుపక్కల, రావి మొలక వేరు పెట్టిన చోటు, ఈ మూడే సాధారణంగా దోషులు. గొట్టాన్ని మూసి డాబా మీద రెండు అంగుళాల నీరు ఒకటి, రెండు రోజులు నిలబెట్టి, కింద మరక ఎక్కడ పెరుగుతోందో గమనించాలి. ఆ మూలలో సిమెంటుతో గుండ్రని గోలా (మూలను పూడ్చే వంపు గట్టు) కట్టించి, నూరు అడుగులకు ఒక అడుగు చొప్పునైనా వాలు ఉండేలా చూసి, దాని మీద నీరు చొరబడని పూత వేయించాలి. వాలు లేని డాబాకు ఎంత ఖరీదైన పూత వేసినా నీరు నిలిచిన చోట అది ముందుగా పాడవుతుంది.

మరక మధ్య ఎత్తులో, బాత్‌రూమ్‌కు ఆనుకున్న గోడ మీద ఉంటే, రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టండి. తెల్లవారేసరికి మట్టం తగ్గితే సరఫరా గొట్టం కారుతోంది. తగ్గకుండా, స్నానాలయ్యాక మాత్రమే చెమ్మ పెరిగితే నహాని ట్రాపు (బాత్‌రూమ్ నేలలో నీరు దిగే జాలీ) చుట్టూ గాని, టైల్స్ సందుల్లో గాని నీరు దిగుతోంది. రెండో సందర్భంలో టైల్స్ సందులను ఎపాక్సీతో నింపించి కొన్ని వారాలు చూడటం మంచిది, ఎందుకంటే నేల మొత్తం తవ్వడం చివరి మార్గం.

ఏదీ తేలకపోతే అడుగున్నర చదరపు పాలిథీన్ ముక్కను మరక మీద నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచాలి. నీటి బిందువులు గోడ వైపు చేరితే చెమ్మ గోడలోదే. గది వైపు చేరితే గాలిలోని తేమ చల్లని గోడకు పట్టుతోంది, దానికి ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు.

ఒక విషయం ముందే చెప్పాలి. చెమ్మ ఆగిన వెంటనే గోడ ఆరదు. ఒక అంగుళం మందం ఆరడానికి సుమారు ఒక నెల పడుతుందనేది మేస్త్రీల పాత లెక్క. తొమ్మిదంగుళాల గోడకు ఎంతకాలం పడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. కాబట్టి సంక్రాంతి తరువాత మొదలుపెట్టి వేసవి ఎండంతా గోడకు తగలనిచ్చి, రంగును ఆఖరున ఉంచుకోవడం తెలివైన పని. అమ్మకానికి వారం ముందు చెమ్మ మీద రంగు వేసిన గోడను అనుభవం ఉన్న కొనుగోలుదారు వాసనతోనే పసిగడతాడు. ఆ తరువాత మిగిలిన ఇంటి గురించి మీరు చెప్పే ఏ మాటనూ నమ్మడు.

శ్లాబు కింద పెచ్చులు, బయటపడిన ఇనుము

కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కింది పొర పెచ్చులుగా రాలుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో గాలిలోని ఉప్పు వల్ల ఇది త్వరగా వస్తుంది. మిగతా చోట్ల శ్లాబులో ఇనుముకు తగినంత కవరు (ఇనుమును కప్పే కాంక్రీటు మందం) వదలకపోవడమే ప్రధాన కారణం. రాలిన చోట సిమెంటు పూసి మూయడం రోగాన్ని లోపలే దాచడం అవుతుంది. పట్టు వదిలిన కాంక్రీటును పూర్తిగా చెక్కి, ఇనుమును మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. కడ్డీ బాగా సన్నబడితే, లేదా పెచ్చులు బీముకు, కాలమ్‌కు పాకితే, మేస్త్రీతో కాక స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించి, ఆయన ఇచ్చిన నివేదికను కొనేవారికి చూపాలి.

పగుళ్లు

కాలమ్‌కు, ఇటుక గోడకు మధ్య నిలువుగా వచ్చే వెంట్రుక మందం పగులు వల్ల ప్రమాదం లేదు. రెండు పదార్థాలు ఎండకు వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల అది వస్తుంది; అక్కడ ప్లాస్టరింగు తీసి చికెన్ మెష్ (సన్నని ఇనుప వల) బిగించి మళ్లీ పూస్తే సరిపోతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు వేరు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, వేసవికి కుంచించుకోవడం వల్ల పునాది కదిలిన ఇళ్లలో ఇది కనబడుతుంది. పగులు రెండు చివర్ల దగ్గర పెన్సిలుతో గీతలు గీసి తేదీ వేయండి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచినా గీత దాటకపోతే పూడ్చుకోవచ్చు. దాటితే ముందు పునాది పక్కన నీరు నిలవకుండా చేయాలి.

సన్నని ధార, ఎగిరిపోయే ఫ్యూజు

పాత ఇనుప గొట్టాలు లోపల తుప్పు, సున్నం పేరుకుని ఇరుకవుతాయి. వాటి బదులు సీపీవీసీ ప్లాస్టిక్ గొట్టాలు వేయించాలి. గొట్టాలు బాగున్నా పైఅంతస్తులో షవరు సన్నగా వస్తే కారణం ట్యాంకు ఎత్తే. పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది కనుక, షవరుకు రెండున్నర మీటర్ల పైన ఉన్న ట్యాంకు పావు కిలో మాత్రమే ఇస్తుంది. చిన్న ప్రెషర్ పంపు పెడితే చాలు.

కరెంటు విషయంలో కిట్‌క్యాట్ ఫ్యూజుల (తీగ చుట్టే పాత పింగాణీ ఫ్యూజుల) బోర్డు కనబడగానే కొనేవారు మొత్తం వైరింగు ఖర్చును ధరలోంచి తీసేస్తారు. బోర్డును ఎంసీబీలకు (లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగే స్విచ్‌లకు) మార్చి, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, ఏసీ పాయింట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగించి, ఎర్త్ గుంతను మళ్లీ బాగుచేయించడం ఫాల్స్ సీలింగుకు పెట్టే డబ్బు కంటే ఎక్కువ తిరిగి తెస్తుందని నా అభిప్రాయం.

పైఅంతస్తులో వేడి

నల్లబడిన డాబా ఎండను పీల్చుకోవడమే కారణం. తెల్లని ప్రతిఫలన పూత, లేదా తెల్లని టైల్స్ ముక్కల పరుపు మంచి ఫలితమిస్తాయి; తెలంగాణ ప్రభుత్వం 2023లో శీతల పైకప్పుల విధానం ప్రకటించింది కూడా. సౌర ఫలకాలు పెట్టాలనుకుంటే, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల యూనిట్‌కు 78,000 రూపాయల రాయితీ ఉంది. అయితే స్టాండు కాళ్ల బోల్టులు శ్లాబుపై పూతను తొలుస్తాయి కాబట్టి డాబా లీకేజీ పనిని వాటితో కలిపి ముందే ప్రణాళిక వేసుకోవాలి.

ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉండటం

పాత పొరను తీయకుండా మళ్లీ మళ్లీ రోడ్డు వేయడం వల్ల ఎన్నో ఇళ్లు పల్లంలో పడ్డాయి. గేటు దగ్గర అడ్డుగట్టు, ఎత్తు పెంచిన సంపు మూత, ఆవరణలో ఇంకుడు గుంత కొంతవరకు పనిచేస్తాయి. జాకీలతో ఇంటిని లేపించే పని ఇప్పుడు మన పట్టణాల్లో జరుగుతోంది గాని, పాతికేళ్ల ఇంటికి ఆ ఖర్చు అమ్మకంలో తిరిగి రావడం కష్టం. అలాంటి ఇంటికి స్థలం ధర కట్టి అమ్మడమే లాభం.

బేరం కుదిరి, బ్యాంకు దగ్గర ఆగడం

ఇది ఇంటి లోపం కాదనిపిస్తుంది, కాని చాలాసార్లు ఇంటికి చేసిన మెరుగుల వల్లే వస్తుంది. సెట్‌బ్యాకులో (ఇంటి చుట్టూ నిబంధన ప్రకారం వదలాల్సిన ఖాళీలో) కట్టిన గదిని, అనుమతి లేని పైఅంతస్తును బ్యాంకు తరఫున విలువ కట్టే వాల్యుయర్ మంజూరైన ప్లానుతో పోల్చి లెక్కలోంచి తీసేస్తారు. గృహరుణం 75 లక్షలు దాటితే విలువలో 75 శాతానికి మించి ఇవ్వరు కనుక, తగ్గిన విలువంతా కొనేవారి చేతి డబ్బు మీద పడుతుంది. క్రమబద్ధీకరణ పథకం తెరిచి ఉన్నప్పుడు దరఖాస్తు చేసుకోవడం, లేదా ఆ భాగానికి ధర అడగకపోవడం తప్ప దారి లేదు. వాస్తు కోసం గోడ పడగొట్టాలనుకునేవారికి కూడా ఒక మాట: కాలమ్‌లు లేని ఇంట్లో తొమ్మిదంగుళాల గోడలే శ్లాబును మోస్తాయి. గేటు, వంట గట్టు మార్చుకోండి. మెట్లను, గోడలను కొనేవారికే వదిలేయండి.

అమ్మాక పన్ను ఎక్కువ రావడం

బిల్లులు దాచకపోవడమే కారణం. కొత్త గది, వైరింగు మొత్తం మార్పు వంటి శాశ్వత మెరుగుల ఖర్చును మూలధన లాభంలోంచి తగ్గించుకోవచ్చు; రంగులు, చిల్లర మరమ్మతులు అందులోకి రావు. 2024 జూలై 23 నుంచి జరిగే అమ్మకాలకు పన్ను 12.5 శాతం, ఆ తేదీకి ముందే ఇల్లు సంపాదించిన భారత నివాసితులు ద్రవ్యోల్బణ సూచీతో వేసిన 20 శాతం లెక్కను పోల్చి తక్కువది కట్టవచ్చు. అమెరికాలో స్థిరపడి ఇక్కడి ఇల్లు అమ్మే పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. అందువల్ల వారి విషయంలో మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చే డబ్బును బ్యాంకు ద్వారా చెల్లించి, రసీదు మీద ఇంటి నంబరు, చేసిన పని వివరంగా రాయించుకోవడం మరింత అవసరం.