విదేశాల్లో సెల్ఫ్ డ్రైవ్ నేర్చుకుందాం – 4వ పాఠం: కారు ఎక్కడ తీసుకోవాలి?

పోయిన మూడు పాఠాల్లో ఐడీపీ (విదేశాల్లో బండి నడపడానికి ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్), క్రెడిట్ కార్డు, కారు సైజు అయిపోయాయి. ఐడీపీ ఇంకా తీసుకోనివాళ్ళు ముందు ఆ పని చూడండి. ఫీజు 1000 రూపాయలు, పైన సర్వీస్ ఛార్జీలు, తీసుకున్నాక ఏడాది పనికొస్తుంది. ఈసారి మనం వెళ్ళే ఊరు ఇటలీలో ఫ్లోరెన్స్. మన హైదరాబాద్, విజయవాడ నుంచి యూరప్ వెళ్ళేవాళ్ళు రోమ్, ఫ్లోరెన్స్ చూసి అక్కణ్ణుంచి కారు తీసుకుని ఫ్లోరెన్స్ చుట్టూ ఉండే టస్కనీ పల్లెటూళ్ళు తిరుగుదాం అనుకుంటారు కదా, అందుకే దీన్ని పట్టుకున్నా. ఇక్కడ అర్థమైతే వేరే ఊళ్ళకి మీరే చేసుకోగలరు.

బుకింగ్ సైట్ తెరవగానే అన్నిటికంటే పైన ఒక చిన్న బాక్స్ ఉంటుంది, పికప్ లొకేషన్ అని. చాలామంది దాన్ని ఆలోచించకుండా నింపేస్తారు, ఫ్లైట్ ఎక్కడ దిగితే అక్కడ, లేదంటే హోటల్ పక్కన ఏది కనిపిస్తే అది, ఆ తర్వాత కూర్చుని గంటసేపు రేట్లు పోల్చుకుంటారు. నేను చెప్పేదేంటంటే దీన్ని తిరగేయండి. ముందు ప్లేసు, ఆ తర్వాతే రేటు. ఎందుకంటే ట్రిప్ మొత్తంలో కష్టమైన డ్రైవింగ్ మొదటి అరగంటే, ఆ అరగంట ఏ రోడ్ల మీద గడుస్తుందో ఖాయం చేసేది ఈ బాక్సే.

ఆ అరగంటలో ఏం జరుగుద్దో కాస్త ఊహించుకోండి. స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది, బండి కుడి పక్కన పోవాలి. గేరు కుడి చేత్తో వెయ్యాలి, మనకి అలవాటేమో ఎడమ చెయ్యి, ఆ చెయ్యి డోరు హ్యాండిల్ కి పోయి తగులుతుంది. మారుతి, హ్యుందాయ్ నడిపిన వాళ్ళకి ఇండికేటర్ కుడి పక్క కాడ, అక్కడ అది ఎడమ పక్కన ఉంటుంది, టర్నింగ్ లో ఇండికేటర్ వేశాననుకుంటే అద్దం మీద వైపర్లు ఆడుతుంటాయి. రౌండబౌట్ మనం తిరిగే దానికి ఉల్టా తిరగాలి, చూడాల్సింది ఎడమ పక్క నుంచి వచ్చే బండిని. ఫోన్లో జీపీఎస్ ఆవిడ ఇటాలియన్ వీధి పేర్లు ఇంగ్లీషులో చదువుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా అర్థం కాదు. ఇవన్నీ ఒక గంటలో అలవాటైపోతాయి నిజంగా, కానీ ఆ గంట గడవాలిగా. అది వెడల్పాటి రోడ్డు మీద, సైన్ బోర్డులు స్పష్టంగా ఉన్నచోట గడిస్తే బావుంటుందా, సికింద్రాబాద్ స్టేషన్ ముందు సాయంత్రం ఆరింటికి ఉండేలాంటి గోలలో గడిస్తే బావుంటుందా, అంతే విషయం.

సరే, ఇప్పుడు ప్లాన్ పెట్టుకుందాం. రోమ్ లో మూడు రాత్రులు, ఫ్లోరెన్స్ లో రెండు, తర్వాత టస్కనీలో సియేనా, సాన్ జిమిన్యానో వైపు నాలుగు రోజులు. కారు ఎక్కడ తీసుకోవాలి?

రోమ్ ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టు: అందరికీ మొదట తట్టేది ఇదే. నిజానికి చోటుగా మంచిదే, కౌంటర్లు టెర్మినల్ నుంచి కవర్డ్ వాక్‌వే మీద నడిచి వెళ్ళేంత దగ్గర, బయటికి రాగానే ఏ91 హైవే ఎక్కితే రోమ్ చుట్టూ తిరిగే రింగు రోడ్డు వస్తుంది, దాన్ని జీఆర్ఏ అంటారు. కానీ మన ప్లాన్ కి పనికిరాదు. రోమ్ లో మూడు రోజులు కారుతో పనే లేదు, అద్దె కడుతూ పార్కింగ్ కి కూడా కట్టాలి. పైగా మనం దుబాయ్ లో, దోహాలో ఫ్లైట్ మారి, నిద్ర లేకుండా దిగుతాం. నిద్రలేని రోజు కొత్త దేశంలో స్టీరింగ్ పట్టుకోవద్దని గట్టిగా చెప్తున్నా, దీంట్లో మాత్రం బేరం లేదు, పిల్లలు వెనక సీట్లో ఉంటారు. ఎయిర్‌పోర్టు నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో టెర్మినీ స్టేషన్ లో దింపుతుంది, అది ఎక్కి హోటల్ కి పోయి పడుకోండి.

రోమ్ టెర్మినీ స్టేషన్: కంపెనీలు పెద్దవే, రెంటల్ ఆఫీసులు చాలా ఉన్నాయి, హోటళ్ళు కూడా అక్కడే ఎక్కువ కాబట్టి చేతికి అందినట్టు కనిపిస్తుంది. కారు తీసుకుని బయటికొస్తే మాత్రం నడిబొడ్డున ఉంటారు, బస్సులు, ట్యాక్సీలు, సందుల్లోంచి దూసుకొచ్చే స్కూటర్లు. రోమ్ లోనే తీసుకోక తప్పకపోతే తిబుర్తీనా స్టేషన్ చూడండి, అక్కణ్ణుంచి ఏ24 దగ్గర, రింగు రోడ్డు ఎక్కడం తేలిక.

ఫ్లోరెన్స్ ఊరి మధ్యలో ఆఫీసులు: రోమ్ నుంచి ఫాస్ట్ ట్రైన్ గంటన్నరలో సాంతా మరియా నొవెల్లా స్టేషన్ కి తెస్తుంది. అక్కణ్ణుంచి నడిచిపోయే దూరంలో బోర్గో ఓన్యిస్సాంతి అనే వీధి, ఆ చుట్టుపక్కల రెంటల్ ఆఫీసులు వరసగా ఉంటాయి. హోటల్ నుంచి పది నిమిషాల నడక అని జనం ఇక్కడే బుక్ చేస్తారు. ఇక్కడ ఆగి కాసేపు మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇటలీలో కారు తీసుకున్న మనవాళ్ళ జేబుకి చిల్లు పడేది ఎక్కువగా ఇక్కడే.

ఇటలీ పాత ఊళ్ళ నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని, బండ్ల రాకపోకల్ని కట్టడి చేసిన జోన్ ఉంటుంది. లోకల్స్ కి, పర్మిట్ ఉన్న బండ్లకి తప్ప మిగతావాళ్ళకి అది అమల్లో ఉండే టైములో ప్రవేశం లేదు. గేటు ఉండదు, పోలీసు ఉండడు, స్తంభం మీద కెమెరా ఉంటుంది. తెల్ల బోర్డు మీద ఎర్ర గుండ్రం, పక్కన ఎలక్ట్రానిక్ బోర్డు. ఆ బోర్డు మీద వర్కో ఆత్తీవో అనో, జెడ్‌టీఎల్ ఆత్తీవా అనో కనిపిస్తే, అంటే ఇప్పుడు అమల్లో ఉందని, లోపలికి పోవద్దు. ముందు బండి లోపలికి పోయిందిగా అని దాని వెనకే పోవద్దు, అది అక్కడ ఉండేవాళ్ళ బండి అయ్యుంటుంది. ఫ్లోరెన్స్ లో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఏడున్నర నుంచి రాత్రి ఎనిమిది వరకు, శనివారం సాయంత్రం నాలుగు వరకు ఇది నడుస్తుంది, వేసవిలో కొన్ని రాత్రులు కూడా. అంటే మీరు కారు తీసుకునే టైము, తిరిగిచ్చే టైము రెండూ దీంట్లోనే పడతాయి.

కెమెరా కొట్టింది అనుకోండి, అప్పటికప్పుడు మీకేమీ తెలీదు. ట్రిప్ అయిపోయి ఇంటికొచ్చాక రెంటల్ కంపెనీ కార్డు మీద డబ్బు లాగుతుంది, అది ఫైన్ కాదు, మీ అడ్రస్ పోలీసులకి ఇచ్చినందుకు తీసుకునే ఛార్జీ. అసలు ఫైన్ నోటీసు ఆ తర్వాత పోస్టులో వస్తుంది, వేరే దేశంలో ఉండేవాళ్ళకి పంపడానికి వాళ్ళకి 360 రోజుల టైముంది. ఒకే సందు కోసం మూడు సార్లు తిరిగి మూడు కెమెరాల కింద నుంచి పోతే ఒక ఫైను కాదు, విడివిడిగా లెక్క. దారి తప్పిన టూరిస్టు చేసే పని అదే, మళ్ళీ మళ్ళీ అదే వీధిలోకి రావడం.

ఊరి మధ్యలో ఉన్న ఆఫీసులో కారు తీసుకుంటే బయటికి ఎలా పోవాలో కాగితం మీద గీసి చూపిస్తారు, తిరిగిచ్చేటప్పుడు లోపలికి వస్తే ప్లేటు నంబరు రిజిస్టర్ చేయించే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల ఉంటుంది, కానీ ఒక్క టర్నింగ్ తప్పితే ఆ గీత పనికిరాదు. ఇంకోటి టైమింగ్స్. చిన్న ఆఫీసులు మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించేస్తాయి, శనివారం మధ్యాహ్నం తర్వాత, ఆదివారం చాలావరకు తెరవరు. ట్రైన్ ఒంటిగంటకి దిగి సూట్‌కేసులు పట్టుకుని మూసిన షట్టర్ ముందు రెండు గంటలు నిలబడాల్సి రావొచ్చు.

ఫ్లోరెన్స్ ఎయిర్‌పోర్టు: నా ఓటు దీనికే. పెరెతోలా అని కూడా అంటారు. విమానం ఎక్కే పని లేకపోయినా కారు కోసం ఎయిర్‌పోర్టుకి పోవడమేంటి అనిపిస్తుంది, నిజం, కానీ చూడండి. స్టేషన్ పక్కనుంచే టీ2 ట్రామ్ ఎయిర్‌పోర్టుకి పోతుంది, 2019లో మొదలైంది, దాదాపు 20 నిమిషాల ప్రయాణం. రెంటల్ ఆఫీసులు టెర్మినల్ లోపల లేవు, కాస్త దూరంలో అన్నీ ఒకచోట ఉంటాయి, షటిల్ బస్సు తీసుకెళ్తుంది. కారు తీసుకుని బయటికొస్తే ఏ11 హైవే అక్కడే మొదలవుతుంది, దాంట్లో కొన్ని కిలోమీటర్లు పోతే ఏ1 తగులుతుంది. ఏ1 మీద దక్షిణంగా వచ్చి ఫిరెంజె ఇంప్రునేతా అనే ఎగ్జిట్ దగ్గర దిగితే సియేనా పోయే రోడ్డు, దానికి టోల్ లేదు. మొత్తం దారిలో ఒక్క జెడ్‌టీఎల్ లేదు, ఒక్క ఇరుకు సందు లేదు. టోల్ గేటు దగ్గర ఒకటే జాగ్రత్త, పసుపు బోర్డు ఉన్న టెలిపాస్ లైన్లోకి పోవద్దు, అది మన ఫాస్టాగ్ లాగా ట్యాగ్ ఉన్న బండ్లకి. టికెట్ ఇచ్చే లైన్లోకి పోయి టికెట్ తీసుకోండి, దిగేచోట కట్టండి.

పెద్దవాళ్ళు, పిల్లలు, నాలుగు పెద్ద సూట్‌కేసులు ఉంటే అందరూ ట్రామ్ ఎక్కి, షటిల్ ఎక్కి పోవడం కష్టమే. దానికో ఉపాయముంది, నాకు చాలా నచ్చింది ఇది. ఏ1 హైవే మీద విల్లా కొస్తాంజా అనే పార్కింగ్ ఉంది, బండ్లు హైవే మీద నుంచే దాంట్లోకి పోతాయి, టోల్ గేటు దాటక్కర్లేదు. ఊళ్ళోంచి వచ్చే టీ1 ట్రామ్ కి ఆఖరి స్టాపు అదే. డ్రైవ్ చేసే మనిషి ఒక్కడే పొద్దున్నే టీ2 ఎక్కి ఎయిర్‌పోర్టుకి పోయి కారు తీసుకుని ఏ1 మీద ఇక్కడికి వస్తే, మిగతావాళ్ళు సామానుతో స్టేషన్ దగ్గర టీ1 ఎక్కి నేరుగా ఇక్కడికే వస్తారు. అప్పటికి డ్రైవర్ కి మొదటి అరగంట ఒంటరిగా, ప్రశాంతంగా, వెనక నుంచి ఎవరి సలహాలు లేకుండా అయిపోయి ఉంటుంది కూడా.

ఇప్పుడు రేటు. ఎయిర్‌పోర్టులో, పెద్ద రైల్వే స్టేషన్లలో తీసుకుంటే అదనపు సర్‌ఛార్జ్ వేస్తారు, అందుకే ఊళ్ళో ఆఫీసు కొంచెం చవగ్గా కనిపించొచ్చు. ఆ తేడాని ఒక జెడ్‌టీఎల్ ఫైను, దాని మీద కంపెనీ ఛార్జీ, ఆదివారం మూసుంటే పోయే సగం రోజు, వీటి పక్కన పెట్టి చూడండి. ఇంకో లెక్క, అద్దె 24 గంటలకి కడతారు, కాబట్టి పొద్దున పదికి తీసుకుని ఆఖరి రోజు సాయంత్రం నాలుగుకి ఇస్తే ఇంకో రోజు పడుతుంది. ఆటోమేటిక్ కారు కావాల్సినవాళ్ళకి ఎయిర్‌పోర్టు బ్రాంచిలోనే దొరికే అవకాశం ఎక్కువ, ఇటలీలో చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా మాన్యువలే.

ఫ్లోరెన్స్ వద్దు, రోమ్ నుంచి నేరుగా పల్లెల్లోకి పోవాలి అనేవాళ్ళు ఓర్వియేటో చూడండి. రోమ్–ఫ్లోరెన్స్ లైన్లో చిన్న ఊరు, స్టేషన్ దగ్గరే కారు దొరుకుతుంది, ఏ1 ఎంట్రీ పక్కనే. చిన్న ఊళ్ళో ట్రాఫిక్ తక్కువ, మనకి అదే కావాలి. టైమింగ్స్ మాత్రం రెండు సార్లు చూసుకోండి.

మిలాన్ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మిలాన్ అని టైప్ చేస్తే మల్పెన్సా, లినాతే, బెర్గామో మూడూ వస్తాయి, మూడూ మూడు దిక్కులు. మీ ఫ్లైట్ ఏదో చూసి పెట్టుకోండి. ఊరి మధ్యలో ఏరియా సి అని ఛార్జీ కట్టి పోయే జోన్ ఉంది, 2023 అక్టోబర్ నుంచి రోజుకి 7.50 యూరోలు.

జెనీవాది మాత్రం వేరే కథ. ఎయిర్‌పోర్టు ఒకటే, కానీ దాంట్లో స్విస్ సైడు, ఫ్రెంచ్ సైడు అని రెండున్నాయి, రెంటల్ కౌంటర్లు కూడా రెండు చోట్లా ఉంటాయి. ఫ్రెంచ్ సైడు రేటు చాలాసార్లు తక్కువ కనిపిస్తుంది, ఆశపడి నొక్కేస్తారు. స్విట్జర్లాండ్ హైవేల మీద పోవాలంటే వినెట్ అనే టోల్ పాస్ ఉండాలి, 40 ఫ్రాంకులు, స్విస్ సైడు కార్లకి అది ఉంటుంది, ఫ్రెంచ్ కార్లకి చాలావరకు ఉండదు, మీరే కొనుక్కోవాలి. ఇంటర్‌లాకెన్ వైపు పోతున్నారా, స్విస్ సైడు. షమోనీ, అన్నెసీ వైపు ఫ్రాన్స్ లోనే తిరుగుతున్నారా, ఫ్రెంచ్ సైడు. తీసుకున్న సైడులోనే తిరిగివ్వాలి, పొరపాటున రెండో సైడులో వదిలితే పెద్ద ఛార్జీ వేస్తారు.

తిరిగిచ్చే చోటు కూడా ఇలాగే చూడాలి, ఇంకా ఎక్కువ చూడాలి, ఎందుకంటే ఆ రోజు ఫ్లైటో ట్రైనో ఉంటుంది. దగ్గర్లో పెట్రోల్ బంకు ఎక్కడుందో ముందే మ్యాప్ లో పిన్ చేసుకోండి. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో ఇస్తే వన్‌వే ఫీజు ఉండొచ్చు, దేశం మారితే అది చాలా ఎక్కువైపోతుంది.

హోంవర్క్: మీరు వెళ్ళబోయే ఊరు తీసుకోండి. మూడు పికప్ ప్లేసులు రాసుకోండి. బుకింగ్ లో ఉన్న అడ్రస్ ని అక్షరం పొల్లుపోకుండా మ్యాప్ లో పెట్టండి, సైట్ వాడు ఎయిర్‌పోర్టు అని రాసినా ఆఫీసు నాలుగు కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. అక్కణ్ణుంచి హైవే దాకా స్ట్రీట్ వ్యూలో వేలితో నడుచుకుంటూ పోండి, ప్రతి టర్నింగ్ లో ఆగి బోర్డు చూడండి, ఎన్ని లెఫ్ట్ టర్నింగులు ఉన్నాయో లెక్కపెట్టండి, మనకి అక్కడ కష్టమైంది లెఫ్టే. మూడు దారుల్లో ఏది తక్కువ మలుపులతో హైవే ఎక్కిస్తుందో దాన్ని గుండ్రంగా చుట్టి, అప్పుడు రేటు చూడండి.

వచ్చే పాఠంలో కౌంటర్ దగ్గర నిలబడతాం: ఇన్సూరెన్స్ కాగితాలు, డిపాజిట్ బ్లాకింగ్, గీతలన్నీ వీడియో తీసుకోవడం.