పలాస జీడి పిక్కల లెక్కకి ఒకే కోడ్‌తో వెబ్, మొబైల్ యాప్

పలాసలో జీడి పిక్కలు కొనే వ్యాపారికి యాప్ చేయాలనుకుందాం. రైతు పేరు, 80 కేజీల బస్తాలెన్ని, బస్తా ధరెంత, ఇచ్చిన అడ్వాన్స్, మిగిలిన బాకీ, అంతే. కొట్లో కంప్యూటర్‌లోనూ తెరుచుకోవాలి, ఉద్దానం తోటలకి వెళ్లినప్పుడు ఫోన్‌లోనూ తెరుచుకోవాలి. వెబ్‌కి ఒకటి, ఆండ్రాయిడ్‌కి ఒకటి విడివిడిగా రాయక్కర్లేదు, జావాస్క్రిప్ట్ వస్తే క్వాసర్ చాలు. ఇది వ్యూ అనే జావాస్క్రిప్ట్ టూల్ మీద నడిచే ఫ్రేమ్‌వర్క్, అంటే యాప్ కట్టడానికి రెడీమేడ్ చట్రం. వ్యూకి బదులు రియాక్ట్ అలవాటున్నవాళ్లు ఇలాంటిదే అయిన ఐయానిక్ పట్టుకోండి, కింద చెప్పేవి చాలావరకు దానికీ వర్తిస్తాయి.

ముందు కంప్యూటర్‌లో నోడ్ జేఎస్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపేది) వేసుకోండి. టెర్మినల్‌లో ‘ఎన్‌పీఎం ఇనిట్ క్వాసర్’ కొడితే (కమాండ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి) కొన్ని ప్రశ్నలు అడిగి ఫోల్డర్ తయారుచేస్తుంది. అందులోకి వెళ్లి ‘ఎన్‌పీఎక్స్ క్వాసర్ డెవ్’ అంటే బ్రౌజర్‌లో యాప్ కనపడుతుంది.

స్క్రీన్లు గీసే ముందు, నెట్ లేనప్పుడు ఏం జరగాలో తేల్చుకోండి. తోటలో సిగ్నల్ పోయినంత మాత్రాన తూకం ఆగదు కదా. అందుకే ఎంట్రీ ముందు ఫోన్‌లోని ఇండెక్స్‌డ్ డీబీలో (బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్) పడాలి, నెట్ వచ్చాక సర్వర్‌కి వెళ్లాలి. సులువుగా ఉందని చాలామంది బ్రౌజర్‌లోనే ఉండే లోకల్ స్టోరేజ్ అనే చిన్న నిల్వ వాడేస్తారు, దానికి సుమారు 5 ఎంబీ హద్దు, పైగా టెక్స్ట్ తప్ప ఇంకేమీ పట్టదు. ప్రతి ఎంట్రీకీ ఫోన్‌లోనే ఒక యూయూఐడీ (ఇంకో ఎంట్రీకి రాని ప్రత్యేక ఐడీ) ఇచ్చేయండి, సర్వర్‌లో ఆ ఐడీ ఇప్పటికే ఉంటే మళ్లీ చేర్చకూడదు. లేకపోతే నెట్ మధ్యలో తెగి రెండోసారి పంపినప్పుడు అవే బస్తాలు రెండుసార్లు ఎక్కుతాయి, రైతుకీ వ్యాపారికీ మధ్య గొడవ మొదలవుతుంది. డబ్బుని పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యలుగానే దాచండి, ఎందుకంటే జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. ఇంకా సర్వర్‌కి చేరని ఎంట్రీలు ఎన్నున్నాయో స్క్రీన్ పైనే కనపడాలి, అప్పుడే వాడేవాళ్లకి టెన్షన్ ఉండదు.

తెలుగు అక్షరాల సంగతి కూడా చూసుకోండి. ఇంగ్లిష్ కొలతలతో బటన్ ఎత్తు బిగించేస్తే కింద ఒత్తులు తెగిపోతాయి. లైన్ హైట్ 1.6 దాకా పెంచి, ‘ఉద్దానం’, ‘కాశీబుగ్గ’ లాంటి మాటలు చిన్న ఫోన్‌లో పెట్టి చూడండి.

మొదట పీడబ్ల్యూఏగా, అంటే యాప్‌లా ఫోన్‌లో పెట్టుకోగలిగే వెబ్‌సైట్‌గా, వదలమనే నా సలహా. స్టోర్ పని లేకుండా లింక్ పంపితే చాలు, ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటారు, తప్పు దొరికితే అదే రోజు సరిదిద్దొచ్చు. నెట్ లేకపోయినా దీన్ని తెరిపించే వెనక స్క్రిప్ట్‌ని సర్వీస్ వర్కర్ అంటారు, దానికి హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) తప్పనిసరి, లోకల్‌హోస్ట్‌లో, అంటే మీ సొంత కంప్యూటర్‌లో నడిపేటప్పుడు మాత్రం మినహాయింపు ఉంది.

ప్లే స్టోర్‌లోనే కావాలంటే వెబ్ కోడ్‌ని మొబైల్ యాప్‌గా చుట్టే కెపాసిటర్ మోడ్ కలిపి ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ తీయాలి. ఇక్కడ కొత్తవాళ్లు ఆగిపోయేది ఒకచోటే: ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఫోనే, మీ కంప్యూటర్ కాదు. రెండింటినీ ఒకే వైఫైలో పెట్టి ఏపీఐకి (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి) అడ్రస్‌గా కంప్యూటర్ ఐపీ ఇవ్వండి. ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు హెచ్‌టీటీపీని డిఫాల్ట్‌గా ఆపేస్తుంది, టెస్టింగ్ వరకు దానికి అనుమతి పెట్టుకోవాలి.

ఐఫోన్ బిల్డ్‌కి మ్యాక్, ఎక్స్‌కోడ్, ఏడాదికి 99 డాలర్లు కావాలి, అవసరం పడేదాకా దాని జోలికి వెళ్లకండి. గూగుల్ ప్లేకి ఒక్కసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది. అయితే 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో (పిలిచినవాళ్లు మాత్రమే వాడి చూసే పరీక్ష) ఉండాలి, కాబట్టి కొట్లో గుమస్తాల్నీ, తెలిసిన రైతుల్నీ ఇప్పుడే అడిగి వాళ్ల జీమెయిల్ ఐడీలు తీసుకోండి.