చవక బోర్డుతో ఓవర్‌క్లాకింగ్, 4వ పాఠం: నల్ల స్క్రీన్ దాటి 3.9 దాకా

ఈసారి మల్టిప్లయర్ పాఠం, అంటే ప్రాసెసర్ వేగాన్ని తేల్చే రెట్ల అంకె. కానీ సగం దాటాకే మొదలుపెడతాను. పోయిన పాఠంలో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను డబ్బా మీద రాసిన స్పీడుకు తీసుకెళ్లే బోర్డు సెట్టింగు) ఆన్ చేయమన్నప్పటి నుంచి కావలి, కందుకూరు, పొదిలి, ఎటు నుంచి ఫోన్ వచ్చినా ఒకటే మాట: "అన్నా, స్క్రీన్ నల్లగా అయిపోయింది." రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న సిస్టం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముందు దాని సంగతి తేలుద్దాం.

ఒక విషయం నేను రాయకపోవడం తప్పే. ఎక్స్‌ఎంపీ సేవ్ చేశాక మొదటిసారి ఆన్ అయ్యేటప్పుడు సిస్టం తనంతట తానే రెండు మూడుసార్లు ఆగి మళ్లీ లేస్తుంది. ఆ కొత్త స్పీడులో ర్యామ్ నిలబడుతుందో లేదో బోర్డు సరిచూసుకుంటోంది. ఆ సమయంలో బటన్ నొక్కి ఆపేసినవాళ్లు కనీసం ఐదారుగురున్నారు. ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని ఆగండి. అప్పటికీ రాకపోతేనే మిగతాది చదవండి.

మనం పాఠానికి పెట్టుకున్నది బి450 బోర్డు, రైజెన్ 5 2600. ర్యామ్ డబ్బా మీద 3200 అని రాసి ఉంటుంది. అది ర్యామ్ కంపెనీ మాట. 2600కు ఏఎండీ అధికారికంగా చెప్పింది 2933 వరకే. ఆ పైన వస్తే మీ అదృష్టం, రాకపోతే బోర్డు చెడిపోయినట్టు కాదు. స్క్రీన్ నల్లగానే ఉంటే ముందు కింద చెప్పినట్టు సెట్టింగులు చెరపండి. తర్వాత ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, దాని కింద ఫ్రీక్వెన్సీ ఒక్కటే 2933కు దించండి. ర్యామ్ వోల్టేజి 1.35 అలాగే ఉండాలి. నన్నడిగితే 3200 కోసం మూడు రోజులు కొట్టుకోవడం దండగ. 2400 నుంచి 2933కు వస్తే తేడా తెలుస్తుంది, అక్కడి నుంచి 3200కు వెళ్తే కంటికి ఆనదు.

కావలి తమ్ముడిది వేరే సమస్య. ముందు ఒక 8 జీబీ ర్యామ్ కర్ర కొని, ఏడాది తర్వాత వేరే కంపెనీది ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టాడు. ఎక్స్‌ఎంపీ ఒక కర్ర లెక్కల్ని తీసుకుని రెండింటికీ పెడుతుంది. రెండోది తట్టుకోలేక పడిపోతుంది. అలాంటి జోడీని 2666 దగ్గర ఆపేయండి. నాలుగు స్లాట్ల బోర్డయితే కర్రలు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి. తుమ్మలపెంట, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు కర్ర తీసినప్పుడు దాని బంగారు గీతల్ని పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. ఉప్పు గాలికి అక్కడ మసక పొర పడుతుంది.

పొదిలి నుంచి ఫోన్ చేసినాయన సిస్టంలో ర్యామ్ బాగానే ఉంది. తుడవడానికి క్యాబినెట్ తిప్పి, మానిటర్ కేబుల్‌ను బోర్డు హెచ్‌డీఎంఐలో పెట్టేశారు. 2600లో గ్రాఫిక్స్ లేదు, అక్కడ బొమ్మ రాదు. కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే.

ఇక అసలు బాధ. పడిపోయిన సెట్టింగును చెరిపి మొదటికి రావడానికి బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీస్తాం. "బ్యాటరీ పీకినా గూడా రాలేదన్నా" అన్నారు చాలామంది. పీకారు సరే, పవర్ కార్డు (కరెంటు వైరు) తీశారా అంటే, "స్విచ్ ఆపేశా గదన్నా" అంటారు.

ఈ ఒక్కటి నిదానంగా చదవండి. సిస్టం ఆపినా కార్డు తగిలించి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై పెట్టె) నుంచి బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వెళ్తూనే ఉంటుంది. ఆపేసిన సిస్టంలో కూడా మౌస్ కింద ఎర్ర లైటు, నెట్ కేబుల్ దగ్గర పచ్చ లైటు వెలుగుతుండేది దానివల్లే. ఆ కరెంటు ఉన్నప్పుడు బోర్డు తన సెట్టింగులను దాంతోనే కాపాడుకుంటుంది, బిళ్ల బ్యాటరీ జోలికి వెళ్లదు. మీరు బ్యాటరీ పీకి గంటసేపు చేతిలో పట్టుకున్నా సెట్టింగు చెరిగిపోదు. గోడ స్విచ్ ఆపాం కదా అంటారా? మన ఇళ్లలో మధ్యలో యూపీఎస్ ఉంటుంది. గోడ దగ్గర ఆపితే అది బ్యాటరీ మీదకు మారి కరెంటు ఇస్తూనే ఉంటుంది. పొలంలో మోటారు విప్పాలంటే స్టార్టర్ ఆపి ఊరుకుంటామా? ఫీజులు పీకి జేబులో వేసుకున్నాకే వైరు ముట్టుకుంటాం. ఇక్కడ ఫీజు పీకడమంటే ఎస్‌ఎంపీఎస్ వెనక కార్డును చేత్తో లాగి కింద పడేయడం. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఉంటే అది ఆపినా చాలు, కానీ చవకవాటిలో చాలావాటికి ఆ స్విచ్చే ఉండదు. అందుకే నేను ప్రతిసారీ కార్డే లాగుతాను.

కార్డు లాగాక పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, కెపాసిటర్లలో మిగిలింది కూడా పోతుంది. ఇప్పుడు సీఆర్2032 బిళ్ల తీసి ఐదు నిమిషాలు ఆగండి. లేదా మాన్యువల్‌లో చూపించిన క్లియర్ సీమాస్ (సెట్టింగులు చెరిపే) పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో కాసేపు కలిపి పట్టుకోండి. బిళ్ల తిరిగి పెట్టి, కార్డు తగిలించి, ఆన్ చేసి బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) తేదీ చూడండి. బిళ్ల తీసి పెట్టాక కూడా తేదీ ఈరోజుదే ఉందంటే కరెంటు ఎక్కడి నుంచో అందింది, మళ్లీ మొదటి నుంచి చేయండి. తేదీ పాతకాలం నాటిది చూపిస్తే పని అయినట్టు. బిళ్ల బయట ఉన్నప్పుడే మల్టీమీటర్ పెట్టి చూడండి. 2.8 వోల్టుల కంటే తక్కువుంటే నేను కొత్తది వేసేస్తాను.

ఇక మల్టిప్లయర్. ఏ320, ఏ520 బోర్డులవాళ్లకు ఈ భాగం పనికిరాదు, వాటిలో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్‌ను ముట్టుకోవద్దు. 2600 అసలు వేగం 3.4 గిగాహెర్ట్జ్, అంటే ఆ 100కు 34 రెట్లు. ఒంటరి కోర్ మీద బూస్ట్ 3.9 దాకా వెళ్తుంది. ఆరు కోర్లనూ ఆ 3.9 దగ్గర నిలబెట్టడమే మన పని. 37 పెట్టండి, పరీక్షించండి, 38 పెట్టండి, మళ్లీ పరీక్షించండి, తర్వాత 39. 4.0 కూడా కొన్నింటికి వస్తుంది, కానీ ఆ చివరి 100 మెగాహెర్ట్జ్ కోసం పెంచాల్సిన వోల్టేజి చవక బోర్డుకు బరువు.

వోల్టేజిని ఆటోలో వదలకండి. మల్టిప్లయర్ మార్చి వోల్టేజి ఆటోలో ఉంచితే కొన్ని బోర్డులు భయపడి 1.4 దాటించేస్తాయి. మీరే 1.30 అని రాయండి. 3.9 దగ్గర ఆగిపోతుంటే ఒక్కో మెట్టు పెంచండి. 1.35 దాటే అవసరం వస్తే నేను 38కి దిగిపోతాను. ఒక్క నొక్కుతో ఓవర్‌క్లాక్ చేసే బటన్లు చాలా బోర్డుల్లో ఉంటాయి, వాటిని నేను వాడను, మీరూ వాడొద్దు. ఎంత వోల్టేజి ఇస్తున్నాయో అవి మనకు చెప్పవు.

వేడి సంగతికొస్తే, వీడియోల్లో చూపించే అంకెలు చాలావరకు ఏసీ గదుల్లోవి. 24 డిగ్రీల గదిలో 70 చూపించిన సెట్టింగు, రోహిణి కార్తెలో ఒంగోలు మేడ మీది 38 డిగ్రీల గదిలో 84 చూపిస్తుంది. గది ఎంత వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే పైకి వెళ్తుంది. 2600కు హద్దు 95. పెట్టెలో వచ్చిన చిన్న కూలర్‌తో ఎండాకాలంలో 3.9 కష్టం. డబ్బుంటే ముందు కూలర్ మార్చండి, లేదంటే మార్చి నుంచి జూన్ దాకా మామూలు సెట్టింగుకు వచ్చేయండి. నేను రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసి ఉంచుకున్నాను, ఒకటి ఎండకు, ఒకటి చలికి.

ప్రాసెసర్ పక్కన కరెంటు సర్దే వీఆర్‌ఎం మీద చవక బోర్డుల్లో కొన్నింటికి హీట్‌సింక్ కూడా ఉండదు. క్యాబినెట్ వెనక వైపు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ బిగించండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (వేడి, వోల్టేజి చూపించే ప్రోగ్రాం) వీఆర్‌ఎం వేడి కనిపిస్తే దాన్ని నేను 95 దాటనివ్వను. కొన్ని బోర్డుల్లో ఆ సెన్సారే ఉండదు, వాళ్లు 38 దగ్గరే ఆగడం మేలు. చీమకుర్తి వైపు క్వారీ దుమ్ములో ఉండేవాళ్లు నెలకోసారి కూలర్ దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి.

అభ్యాసం. మొదటి రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ మీద వేసి నాలుగు పాసులు నడపండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ర్యామ్ స్పీడు దించి మళ్లీ నాలుగు పాసులు. కరెంటు పోయి మధ్యలో ఆగితే అది లెక్కలోకి రాదు. ర్యామ్ నిలబడకుండా మల్టిప్లయర్ ముట్టుకుంటే తప్పు ఎక్కడుందో మీరు ఎప్పటికీ పట్టుకోలేరు. ఆ తర్వాత 37, 38, 39 ఒక్కోదానికి ఒక్కో రోజు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ లేకుండా, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ ఆర్23 గంటసేపు తిప్పండి. పది నిమిషాలకోసారి గది వేడి, ప్రాసెసర్ వేడి, వీఆర్‌ఎం వేడి, వోల్టేజి నోట్‌బుక్‌లో రాయండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అడుగున వీయా ఎర్రర్ల (విండోస్ పట్టుకున్న హార్డ్‌వేర్ తప్పుల) లెక్క ఉంటుంది, అది సున్నా మీదే ఉండాలి. సిస్టం ఆగిపోకపోయినా అక్కడ ఒకటి కనిపించిందంటే ఆ మల్టిప్లయర్ పరీక్ష తప్పినట్టే.

వచ్చే పాఠం ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత. నోట్‌బుక్‌లో ఆ మూడు రోజుల అంకెలు ఉన్నవాళ్లే అది మొదలుపెట్టండి, కర్వ్ గీసేది వాటి మీదే.