పరిమళ ఆర్కిడ్ల పెంపకం – 3వ పాఠం: వాండా టెస్సెల్లాటాను చెక్కకు కట్టడం

నర్సరీలో మొక్కను ఎంచుకోవడం కిందటి పాఠంలో చూశాం. ఇక దాన్ని కట్టాలి. ఇది మన మామిడి కొమ్మల మీద కనిపించే వాండాయే. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర్లో దీన్ని వర్ణించాడు. చెట్టు మీద ఉన్నా చెట్టు రసం తాగదు. అడవి నుంచి మాత్రం పీకి తేకండి. పీకేటప్పుడు వేర్లు తెగిపోతాయి, అలాంటి మొక్క చాలావరకు బతకదు.

ముందు వేరు కొనలు చూడండి. కొత్త కొనలు పచ్చగా పొడుచుకొస్తున్నప్పుడే కట్టాలి. మనవైపు తొలకరి తర్వాత అదను. పాత వేర్లు చెక్కను పట్టవు, కొత్తగా సాగే వేరే అతుక్కుంటుంది. చలికాలంలో కట్టిన మొక్క నెలల తరబడి ఊగుతూ ఉండిపోవడానికి కారణం ఇదే.

చెక్క గరుకు బెరడుతో, అడుగు పొడవుంటే చాలు. మామిడి మంచిది. బెరడు ఊడిపోయే యూకలిప్టస్, రంగు పూసిన చెక్క వద్దు. రాగి తీగ అసలే వద్దు, రాగి వేర్లకు విషం.

మొక్క వేర్లను అరగంట నీళ్లలో నాననివ్వండి. ఎండు వేరు వంచితే విరుగుతుంది, నానితే వంగుతుంది. నొక్కితే మెత్తగా బోలుగా ఉన్న వేర్లను మంటలో కాల్చి చల్లార్చిన కత్తెరతో తీసేయండి. మొక్క కాస్త ముందుకు వాలేలా పెట్టి, రెండు వేళ్ల వెడల్పు నూలు పీలికతో రెండుచోట్ల బిగించండి. వాలు లేకపోతే ఆకుల మొదళ్లలో నీరు నిలిచి మొవ్వు కుళ్లుతుంది. కట్టాక చేత్తో కదిపి చూడండి. ఏమాత్రం ఊగినా కొత్త కొనలు రాసుకుని చస్తాయి.

ఈ మొక్కకు నీరు దాచుకునే దుంపల్లేవు, అంతా వేర్లే. ఎండిన వేరు వెండి తెలుపు, తడిసింది పచ్చన. ఉదయం తడిపి, ఐదు నిమిషాలాగి మళ్లీ తడపండి. మొదటి తడికి పైపొర మాత్రమే మెత్తబడుతుంది. మధ్యాహ్నానికి వేరు తిరిగి తెల్లబడాలి. మండు వేసవిలో సాయంత్రం 4 గంటలకు ఇంకోసారి, చీకటి పడేలోపు ఆరిపోయేలా. కొనలు నల్లబడి ఆగిపోతుంటే ముందు బోరునీటి ఉప్పును అనుమానించండి. వాననీరో ఆర్వో నీరో వాడండి.

ఎరువు 20-20-20 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది), లీటరు నీటికి అరగ్రాము, వారానికోసారి, తడిసిన వేర్ల మీదే. నెలకొక వారం ఎరువు మానేసి ఉత్త నీళ్లతో కడగండి.

ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంటే మురిసిపోకండి: వెలుగు చాలడం లేదు, పూయదు. లేతపచ్చ రంగు రావాలి. ఉదయపు ఎండ నేరుగా, ఆ తర్వాత 50 శాతం షేడ్‌నెట్ సరిపోతుంది.

పూత వచ్చాక గోధుమరంగు గళ్లు, ఊదా పెదవి (మిగతా రేకులకు భిన్నంగా ముందుకు ఉండే రేకు) మొదటిరోజే కనిపిస్తాయి. వాసనకు తొందరపడకండి. పువ్వు పూర్తిగా విచ్చుకున్న రెండుమూడు రోజుల తర్వాత, పొద్దెక్కి గాలి వెచ్చబడ్డప్పుడు ముక్కు దగ్గరగా పెట్టి చూడండి. అప్పటిదాకా పూరేకుల మీద నీళ్లు పడనివ్వకండి, మచ్చలు పడతాయి.