వానాకాలంలో చెక్క సామాను, సోఫా, కర్టెన్లు: మరకను గుర్తుపట్టాకే తుడవండి

వానలు పట్టి నెల తిరిగేసరికి ఇంట్లో సామాను ఒక్కొక్కటే మొరాయిస్తుంది. వెంటనే మన చెయ్యి తడిగుడ్డ మీదికే పోతుంది. సగం నష్టం ఆ తడిగుడ్డతోనే మొదలు. మరక నీళ్ళదా, నూనెదా, పురుగు పనా అన్నది తేలాకే దాని జోలికి వెళ్ళాలి.

బల్ల మీద గ్లాసు అంచు తెల్లగా పడింది

పాత టేకు బల్లలకు చాలావాటికి లక్క పాలిషే. ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్కనే ఇక్కడ స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. వేడి కాఫీ గ్లాసు పెడితే అది మెత్తబడి, తేమ పాలిష్ పొరలో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. దెబ్బ తిన్నది పాలిష్ మాత్రమే, చెక్కకేం కాలేదు.

రెండు రోజులు ఫ్యాను గాలికి వదిలేస్తే కొన్ని మచ్చలు వాటంతటవే పోతాయి. పోకపోతే పొడి నూలుగుడ్డ మడతపెట్టి మచ్చ మీద పరిచి, ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా రెండు మూడు సెకన్లు ఆనించి తీసేయండి. గుడ్డ ఎత్తి చూసి, మళ్ళీ ఆనించండి. మా అత్తయ్యగారి బల్లకు ఏడుసార్లు పట్టింది. నాలుగోసారికి మచ్చ ఒక పక్క తెగి నెలవంకలా మిగిలింది, ఏడోసారికి అదీ లేదు. ఆ ధీమాతో మా ఇంటి బల్ల మీద ఒకేసారి పది సెకన్లు ఉంచాను. గుడ్డ నేత అంతా పాలిష్ మీద అచ్చు పడింది. అప్పట్నుంచి అక్కడ పూలకుండీ ఉంటోంది.

మచ్చ నల్లగా ఉంటే తడి చెక్కదాకా దిగిందన్నమాట. ఇస్త్రీతో పోదు. వడ్రంగి చేత గరుకు కాగితం పట్టించి, మళ్ళీ పాలిష్ వేయించాల్సిందే. శానిటైజర్‌తో తుడిచాక బల్ల జిగటగా అయిందా? అందులోని ఆల్కహాల్ లక్కను కరిగించింది. ఇలాంటి బల్లలకు పొడిగుడ్డే చాలు.

మంచం కోడు కింద పిండి రాలుతోంది

చూడగానే చెదలనుకుంటాం. చెద అయితే మట్టి గూడు కడుతుంది, గోడ వెంట మట్టి గీత కనిపిస్తుంది. సన్న గుండుసూది కంతలు, వాటి కింద మైదాలాంటి పొడి ఉంటే అది పుచ్చు పురుగు. చేవ ఉన్న టేకును అది పెద్దగా ముట్టుకోదు. చేవ లేని తెల్ల చెక్క, మామిడి చెక్క, రబ్బరు చెక్క దానికి ఇష్టం. కంత అంటే పురుగు లోపలికి వెళ్ళిన దారి అనుకుంటారు గానీ, ఎదిగి బయటికి వచ్చిన దారి అది. అందుకే కంతలున్నంత మాత్రాన కంగారుపడక్కర్లేదు. పొడి అంతా దులిపేసి, కోడు కింద నల్ల కాగితం పరిచి వారం ఆగండి. కాగితం మీద కొత్తగా తెల్లపొడి పడితే లోపల పురుగు బతికే ఉన్నట్టు.

మందుల షాపులో దొరికే సిరంజితో, కలప పురుగు కోసం అమ్మే మందును ఒక్కో కంతలోకీ ఎక్కించి, మైనంతో మూసేయండి. చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ ఉండాలి. ఆ గది కిటికీలు తెరిచిపెట్టి, మందు పూర్తిగా ఆరి వాసన పోయేదాకా ఆ మంచం మీద ఎవర్నీ పడుకోనివ్వద్దు. లోపలి పురుగులు నెలల తరబడి బతుకుతాయి కాబట్టి కాగితం పరీక్ష మళ్ళీ మళ్ళీ చేస్తుండాలి. చెదలైతే మాత్రం సొంత వైద్యం వద్దు. వాటి పుట్ట నేలలో ఉంటుంది, మంచానికి మందు కొడితే ఇంకో దారి చూసుకుంటాయి.

సొరుగు బిగుసుకుపోయింది

తేమకు చెక్క ఉబ్బింది, అంతే. చిత్రిక పట్టించకండి, ఎండాకాలానికి వదులైపోతుంది. అంచులకు కొవ్వొత్తి రుద్దండి.

బీరువా వెనక బూజు, బట్టలు ముక్క వాసన

బయటి గోడకో, బాత్రూమ్ గోడకో ఆనించి ఉంటుంది, చూడండి. మూడు అంగుళాలు ముందుకు జరిపితే గాలి ఆడుతుంది. వెనిగర్ తడిపి పిండిన గుడ్డతో బూజు తుడిచి, తలుపులు తెరిచి ఆరనివ్వండి. కలరా ఉండలు పురుగుల కోసం, బూజుకు వాటితో పనిలేదు.

కర్టెన్‌కు పసుపు అంటింది, సబ్బు పెడితే ఎర్రబడింది

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, ఇదీ అదే. సబ్బులో క్షారం ఉంటుంది. భయపడక చల్లటి నీళ్ళతో బాగా జాడించి, ఎరుపు ఇంకా ఉంటే ఆఖరి మగ్గులో నిమ్మరసం పిండండి. తడి మీదే ఎర్రటి ఎండలో ఆరేయండి. పసుపు రంగు ఎండకు ఆగదు, ఒకటి రెండు రోజుల్లో వెలిసిపోతుంది. రంగు కర్టెన్లయితే ఎండ వాటి రంగునూ లాగేస్తుంది కాబట్టి తిరగేసి ఆరేయండి.

సోఫాకి తల ఆనే చోట జిడ్డు

కొబ్బరినూనె తలలున్న ఇంట్లో తప్పదు. నీళ్ళు తగలకముందే టాల్కం పౌడరో మొక్కజొన్న పిండో చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున దులపండి. శనగపిండి వద్దు, పసుపు చాయ వదులుతుంది. మిగిలిన జిడ్డును గిన్నెలు కడిగే ద్రవం నురుగుతో, నీళ్ళతో కాదు, అద్దుతూ తీయండి. దానికి ముందు సోఫా అడుగున చీటీ ఉందేమో చూడండి. 'డబ్ల్యూ' అంటే నీళ్ళతో శుభ్రం చేయొచ్చు, 'ఎస్' అంటే నీళ్ళు తగలకూడదు, డ్రైక్లీనింగ్ ద్రావకమే. 'ఎక్స్' ఉంటే వాక్యూమ్‌తో సరి.

మెత్తలకు జిప్ ఉంది కదా అని తొడుగు విప్పి వాషింగ్ మెషీన్‌లో వేయకండి. చాలాసార్లు అది స్పాంజి ఎక్కించడానికి పెట్టిన జిప్. ఉతికితే తొడుగు కుంచించుకుపోయి మళ్ళీ ఎక్కదు.

రెక్సిన్ పొట్టు పొట్టుగా రాలుతోంది

దీనికి మందు లేదు. మన తేమకు, చెమటకు, నూనెకు పైపొర విరిగిపోతుంది. క్రీములు రాస్తే నాలుగు రోజుల మెరుపు, అంతే. కొత్త బట్ట వేయించుకోవాలి. అప్పుడు అదే బట్ట ఒక మీటరు ఎక్కువ కొని, తల ఆనే చోటికి విడిగా ఉతుక్కునే ముక్కలు కుట్టించుకోండి.