సర్వే హోంవర్కు తెచ్చిన పిల్లవాడికి లెక్కలు చెప్పడం

హనుమకొండలో మా పక్కింటివాళ్ల మనవడు తొమ్మిదో తరగతి. "అమ్మమ్మా, తాగునీటి మీద సర్వే చేయాలి, శాతాలు ఎలా కట్టాలి?" అంటూ వచ్చాడు. ముందు ప్రశ్నలు చూపించమన్నాను. బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఇలాంటి హోంవర్కులో తప్పు భాగహారం దాకా ఆగదని తెలుసు.

వాడి మొదటి ప్రశ్న: "మీకు నల్లా నీళ్లు శుభ్రంగా, సరిపడా వస్తున్నాయా?" ఇలాంటప్పుడు మీరు దిద్దకండి, ఇంటావిడలా జవాబు చెప్పండి. "శుభ్రంగానే వస్తాయి నాయనా, రెండు బిందెలకే ఆగిపోతాయి. అవునని రాసుకుంటావా, కాదనా?" అన్నాను. వాడు పెన్ను కొరుకుతూ కాసేపు చూసి, ప్రశ్నను రెండుగా విడగొట్టాడు. తరువాత "0–5 బిందెలు, 5–10 బిందెలు" అని ఉంది. సరిగ్గా ఐదు బిందెలు పట్టుకునే నేను ఏ గడిలోకి పోవాలి? అసలు ఇంటింటా అంకె రాసుకుని రావడమే మేలు, గుంపులు తరువాత కట్టుకోవచ్చు. "నల్లా నీళ్లు మంచివి కావు కదా?" అన్నది జవాబును ముందే నోట్లో పెట్టే ప్రశ్న, దాన్ని మాత్రం నేనే కొట్టేయించాను.

ఎవరిని అడగాలన్నది పిల్లలు పట్టించుకోరు. వాటర్ ప్లాంటు దగ్గర క్యాను పట్టుకుని నిలబడ్డవాళ్లనే అడిగితే, మిర్చి అమ్మకానికి వచ్చే ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర నలుగురిని అడిగి వరంగల్‌లో అందరూ మిర్చి రైతులేనని రాసినట్టుంటుంది. వీధిలో ప్రతి మూడో ఇంటికీ వెళ్లమన్నాను. తాళం ఉంటే సాయంత్రం మళ్లీ వెళ్లాలి. పగలు పనికి పోయేవాళ్ల ఇళ్లే అవి.

ఎన్ని ఇళ్లు? 40 అన్నాను, అందులో నా స్వార్థం ఉంది. వృత్తాన్ని ముక్కలు చేసి చూపే పై (pie) చార్టులో 360 డిగ్రీలను 40తో భాగిస్తే ఇంటికి 9 డిగ్రీలు, 100ను భాగిస్తే రెండున్నర శాతం. ప్లాంటు నీళ్లు తాగే ఇళ్లు 14 అనుకుంటే 35 శాతం, 126 డిగ్రీలు. జవాబు చెప్పని ఇళ్లకూ ఒక ముక్క ఇవ్వాలి, వదిలేస్తే 40తో భాగించడం కుదరదు.

ముందు ఐదిళ్లలో అడిగి చూడమని పంపాను. బిందెలు 2, 3, 3, 4, 18 అని రాసుకొచ్చాడు. సగటు 6.

"ఆరు బిందెల ఇల్లు ఒక్కటీ లేదు కదా అమ్మమ్మా!"

వరుసలో నడిమి అంకె చూడమన్నాను. మధ్యగతం 3. రెండూ రాసి, 18 పక్కన చిన్న అక్షరాలతో 'టిఫిన్ సెంటర్' అని చేర్చాడు. అది నేను చెప్పింది కాదు.